నలభైలో ఒకటి

లిఫ్టుల మెకానిక్ అంటే చెవులతో బతికే మనిషి. పై అంతస్తులో ఎక్కడో తాడు రాసుకుంటుంటే కింద నిలబడే చెప్పేయాలి. ఇతను ఇరవై రెండేళ్లు అలాగే చెప్పాడు. ఆదివారాలు మాత్రం ఇంటి వెనక రేకుల షెడ్డులో కత్తులు చేసుకునేవాడు. ఎవరూ అడిగిందీ కాదు, ఎవరికీ అమ్మిందీ కాదు. పాత స్ప్రింగు పట్టీని బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి, మళ్లీ కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడుతుంది. ఆ ముంచడంలోనే ఉంది కిటుకంతా. ఏ మాత్రం తేడా వచ్చినా చిన్నగా టిక్కుమని కంటికి ఆనని బీట పడుతుంది. అనుమానం కలిగితే చాలు, దాన్ని బిగింపులో పెట్టి తనే విరిచేసేవాడు.

"మీరు కత్తులు చేస్తున్నారా, విరుస్తున్నారా?" అనేది భార్య, ముక్కల డబ్బా పక్కకి జరిపి ఊడుస్తూ.

ఏడాదికి రెండో మూడో మిగిలేవి. అవి చుట్టాల వంటిళ్లకి వెళ్లేవి. వాటిలో ఒకదాన్ని భార్య అన్నయ్య తన వంటసామాన్ల దుకాణంలో ఊరికే అద్దాల బీరువాలో పెట్టాడు. వచ్చినవాళ్లంతా అదే అడగడం మొదలెట్టారు.

"ఇంత పనితనం పెట్టుకుని ఇంకా ఆ లిఫ్టు గుంతల్లో దూరడం ఎందుకు బావా? మానెయ్. నేనున్నాగా," అన్నాడతను.

లిఫ్టు కంపెనీవాళ్లు అప్పటికే మనుషుల్ని తగ్గిస్తున్నారు. మెకానిక్ ఆలోచించి ఆలోచించి, సరేనన్నాడు. షెడ్డుకి బోర్డు కట్టాడు. మొదటి ఏడాది హాయిగానే గడిచింది. కాకపోతే ఇప్పుడు కత్తి ఆదివారం కోసం ఆగదు. ఒకే కొలత, ఒకే వంపు, చెప్పిన రోజుకి చెప్పినన్ని. విరవడం తగ్గింది. తన చెయ్యి కుదిరిందనుకున్నాడు గానీ, తను వెతకడం తగ్గిందని తట్టలేదు.

రెండో ఏడు వంట నేర్పే బడి నుంచి నలభై కత్తులు కావాలన్నారు. కొత్త పిల్లలు చేరే రోజుకి ఒక్కొక్కరికీ ఒక్కోటి ఇవ్వాలట. ముంచడానికి పెట్టుకున్న చివరి రోజు మధ్యాహ్నం, ఆలస్యమవుతోందని, ఎన్నడూ చేయనిది, రెండేసి ముంచాడు. నూనె బుసబుసమంది. ఆ బుసలోంచి చిన్నగా టిక్కుమంది, ఎవరో గోరు కొరికినట్టు.

రెండింటినీ పైకి తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ఏమీ లేదు. పళ్లెంలో పెట్టాడు. ఇంతలో భార్య ఫోను పట్టుకొచ్చింది. అవతల ఆమె అన్నయ్య.

"ఎంతవరకు వచ్చింది బావా?"

"అయిపోయింది," అన్నాడు.

ఆ మాట నోరు జారి వచ్చింది కాదు, అనాలనే అన్నాడు. ఫోను పెట్టి తిరిగేసరికి భార్య సాయం చేద్దామని ఆ పళ్లెంలోవి మిగతావాటితో కలిపి, ఉక్కు పెళుసు తగ్గడానికి సన్నటి వేడిలో ఉంచే ఓవెన్లోకి సర్దేసింది. నలభైలో ఆ రెండూ ఏవో ఇక తెలీదు. అన్నింటినీ పరీక్షించాలంటే ఒక రోజు పడుతుంది. పిడులు బిగించాలి, సాన పట్టాలి. రేపు చూద్దాం అనుకున్నాడు. ఆ రేపు రాకుండానే కత్తులు వెళ్లిపోయాయి.

వారం తిరక్కుండా ఆ చప్పుడు వెనక్కి వచ్చింది. చిక్కుడుకాయ తుంచితే అదే. స్విచ్చి వేస్తే అదే. అన్నం కలుపుతూ ఆగిపోయేవాడు. రోడ్డు మీద జనం మొహాలు చూడ్డం మానేసి చేతులు చూడసాగాడు. ఒకసారి బస్సులో బొటనవేలికి కట్టు కట్టుకున్న అమ్మాయి కనిపిస్తే, ఆమె దిగిన చోటే దిగాడు.

"అమ్మా, ఆ చేతికేమైంది?"

"తలుపు సందులో పడిందండీ. ఎందుకు?"

"ఏం లేదమ్మా. ఏం లేదు."

ఆ పిల్ల అడుగు వేగం పెంచి వెళ్లిపోయింది. అతను స్టాపులోనే కూలబడి, తలుపు సందుకి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

ఎట్టకేలకు బడికి వెళ్లేసరికి ఆ పిల్లల చదువు పూర్తయి, ఎవరి కత్తి వాళ్లు పట్టుకుని తలో దిక్కూ వెళ్లిపోయారు. టీచరమ్మ దగ్గర పేర్ల జాబితా తీసుకున్నాడు. ఊరికే సాన పడతానని చెప్పాడు. సంగతి విని భార్య అన్నయ్య తల పట్టుకున్నాడు.

"ఎవరూ ఫిర్యాదు చేయలేదుగా బావా?"

"చేస్తే బాగుండేది. ఏది ఎక్కడుందో తెలిసేది."

రెండేళ్లు తిరిగాడు. హోటళ్ల వెనక గుమ్మాలు, ఆసుపత్రి వంటశాల, ఇరుకు అద్దె గదులు. కత్తిని దారంతో వేలాడదీసి గోటితో కొట్టి వినేవాడు. కిరసనాయిలు పూసి తుడిచి సుద్దపొడి చల్లేవాడు. బీటే ఉంటే అందులో దాగిన నూనె సుద్దలోకి ఊరి గీత కనిపిస్తుంది. ఎక్కడా గీత పడలేదు. నలభయ్యోది, వంట వదిలేసి బట్టల కొట్లో చేరినతని దగ్గర కాగితం కూడా విప్పకుండా ఉంది. అదీ శుభ్రంగానే ఉంది.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. "అన్నీ బాగానే ఉన్నాయి."

"మరింకేం?"

"అంటే నేను విన్నది భ్రమేనేమో."

ఆమె గిన్నె తోమడం ఆపింది.

"భ్రమ కాదండీ. ఆ రోజు ఫోను తెస్తూ గుమ్మంలో నేనూ విన్నాను. మీరేం అనకపోతే, అదేం పెద్ద విషయం కాదనుకున్నా."

ఇన్నాళ్లూ తన తలలోనే ఉందనుకున్నది ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టయింది. కంటికి కనిపించే చోట బీట లేదంటే, పిడి కింద దాక్కుని ఉండాలి. బాగున్న కత్తి పిడి ఊడదీస్తానంటే ఎవరిస్తారు?

బోర్డు దించేశాడు. ఒక చిన్న లిఫ్టు కంపెనీలో చేరాడు. కొలిమి మళ్లీ వెలిగించలేదు. ఆదివారాలు మాత్రం షెడ్డు తెరిచి, ఆ నలభైమందిలో ఎవరొచ్చినా సాన పట్టి పంపేవాడు. వాళ్లు వెళ్లేదాకా చేతులవైపే చూసేవాడు.

వాళ్లలో పెళ్లిళ్లకి వండే ఒకావిడ ఏటా వచ్చేది. మూడో ఏడు ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

"బాబాయ్, సాన పట్టడానికి పావుగంట. ఈ సుద్ద, ఈ కిరసనాయిలు ఎందుకు? దీనిలో ఏం వెతుకుతున్నారు?"

అతను చెయ్యి తుడుచుకున్నాడు. సాన గురించి ఏదో చెప్పబోయి ఆగాడు. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాడు: రెండేసి ముంచడం, చప్పుడు, ఫోను, అయిపోయింది అన్న మాట. ఆవిడ కత్తిని చేతిలోకి తీసుకుంది.

"ఇన్నేళ్లూ దీంతోనే గుమ్మడికాయలు కోశాను," అంది చివరికి. గొంతులో కోపం ఉంది. "ముందే చెప్పాల్సింది."

"అవునమ్మా."

"అయితే పిడి విప్పండి. నా ఎదురుగా."

మేకుల తలలు అరగదీసి చెక్క ఊడబెరికాడు. లోపల నల్లగా, నున్నగా ఉంది ఉక్కు. సుద్ద చల్లి ఇద్దరూ తలలు వంచి చూశారు. గీత లేదు. అతను కొత్త చెక్క కోసి బిగిస్తుంటే, ఆవిడ స్టూలు మీద కూర్చుని అంది.

"మిగతా ముప్ఫై తొమ్మిదిమందికీ ఎప్పుడు చెప్తారు?"

"పక్క వీధి బేకరీలో ఒకతను ఉన్నాడు," అన్నాడు మెకానిక్. "ఇది పూర్తి చేసి, అతని దగ్గరికే వెళ్తాను."