తవుడు డబ్బాలో నెత్తళ్ళు

ఒక్క పొట్లం ఎండు నెత్తళ్ళ చేపల కోసం నేను అద్దె గదినీ, పరువునీ, రెండు పిల్లుల్నీ ఒకే పూట పోగొట్టుకోబోయాను. తప్పంతా పిల్లులదే అని రాద్దామని కూర్చున్నాను గానీ, మీరు నమ్మరు.

అప్పుడు నాకు బరంపురంలో బట్టల కొట్లో పని. ఇంటావిడది ఆ దగ్గర్లోని చికిటి ఊరు, తెలుగావిడే. వీధంతా ఒడియాలో మౌసీ, అంటే పిన్నీ, అనేది. గది ఇచ్చేటప్పుడే తేల్చి చెప్పింది.

"పిల్లులుంటే ఉండనీ. మార్గశిరం లచ్చివారం నాడు మాత్రం ఇంట్లో సేప వాసనొచ్చిందా, నువ్వూ నీ పిల్లులూ సామాను సర్దీసుకోండి."

సరిగ్గా ఆ నెలలోనే, తెల్లారితే లచ్చివారం, అంటే లక్ష్మీపూజ చేసే గురువారం అనగా, బుధవారం సాయంత్రం మా ఊరు పొడంపేట నుంచి అమ్మ బస్సులో పొట్లం పంపింది. పారేద్దామా? అమ్మ ఎండలో కూర్చుని, కాకుల్ని తోలుతూ ఎండబెట్టినవి. గదిలో దాద్దామా? చుక్క, బొండాం అని నా పిల్లులున్నాయే, అవి నా దిండు కింద కూడా సోదా చేస్తాయి. తెల్లారేసరికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పెరటి వరండాలో మౌసీ ఆవుకి పెట్టే తవుడు డబ్బా! మోచేతి దాకా చెయ్యి దూర్చి పొట్లాన్ని అడుక్కి తోశాను. ఇంత తెలివి మా వంశంలో ఎవరికీ లేదనుకున్నాను. మూత నొక్కడం మాత్రం మర్చిపోయాను.

మౌసీ అప్పటికే ఇల్లంతా కడిగి, గుమ్మం నుంచి పూజ పీట దాకా బియ్యప్పిండి నీళ్ళతో లక్ష్మీదేవి పాదాలు వేసి, పూజకి కూర్చుంది. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. వరండాలో ఢామ్మంది.

"ఏటే అది?"

"గాలి మౌసీ."

"గాలెక్కడుందే? ఆకు కదల్లేదు!"

గుమ్మంలో చుక్క ప్రత్యక్షమైంది. ఒళ్ళంతా తవుడు, నోట్లో పొట్లం. వెనకే బొండాం. పోవే తల్లీ, పోవే అని కళ్ళతోనే బతిమాలాను. అది నా వంక చూడనైనా లేదు. తడి ముగ్గు మీద, అమ్మవారి పాదాల పక్కనే తన పాదాలు వేసుకుంటూ, పెళ్ళికూతురిలా నడిచొచ్చి పొట్లాన్ని పీట ముందు పెట్టింది. వాసన గుప్పుమంది.

మౌసీ చేతిలో హారతి ఆగిపోయింది. ఆవిడ నోరు తెరవకముందే కాళ్ళ మీద పడ్డాను.

"నాదే మౌసీ! మాయమ్మ పంపింది. నానే తవుడులో దాసీసినాను. పిల్లులకేటి తెలుసు, ఆటిని గెంటీయకు!"

మౌసీ హారతి కింద పెట్టి, పొట్లం వైపు వంగి చూసింది. గొంతు సవరించుకుంది.

"సర్లే. మొదటి తప్పు, ఈపాలికి ఒగ్గీసినాను. ఆ పొట్లం ఇలాగియ్యి, నానే అవతల పెట్టీస్తాను. నువ్వెల్లి తవుడెత్తు."

ఆ దయకి నాకు నిజంగా ఏడుపొచ్చింది. వరండాలో ఒలికిన తవుడు ఎత్తుతుంటే చేతికి ఇంకో పొట్లం తగిలింది. పాత పేపరు, దాని మీద అమ్మ వేసిన వలతాడు ముడి. నాది! మరి చుక్క తెచ్చింది ఎవరిది? అప్పుడు గుర్తొచ్చింది, దానికి చుట్టింది నీలం చీర ముక్క. మౌసీ పాత చీర ముక్క.

తలెత్తితే గుమ్మంలో మౌసీ.

"ఏటి సూసినావు?"

"నానేటీ సూడ్లేదు మౌసీ."

"మూత గట్టిగా నొక్కు."

ఆ రోజే చుక్క తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసుకున్నాను. ప్రాణం మీదికొచ్చినా సరే, పొట్లం ఎవరిదో చూడకుండా ఇక జన్మలో నేరం ఒప్పుకోను.