అల్లుడి అలక, ఒక ట్యాంకు నీళ్ళు

మా మావగారి గడ్డివాముని నేను తగలబెట్టానని మా అత్తవారి ఊళ్ళో ఈనాటికీ చెప్పుకుంటారు. అబద్ధం. నేను తగలబెట్టలేదు, తగలబడనిచ్చాను. ఈ రెంటికీ తేడా తెలియని ఊళ్ళో పిల్లని చేసుకున్న పాపానికి నలభై ఏళ్ళ పైచిలుకుగా ఆ మాట మోస్తున్నాను. ఊరు ఉంగుటూరుకి దగ్గర్లోనే. పేరు చెప్పను, ఇంకా ఆ ఇంట్లో భోజనం చెయ్యాల్సినవాణ్ణి.

మొన్న ఏలూరులో ఫైరు వాళ్ళ మాక్ డ్రిల్లు చూశాను. ఒక కుర్ర ఆఫీసరు వీపు మీద 'ఇన్సిడెంట్ కమాండర్' అని రాసున్న జాకెట్టు తొడుక్కుని నిలబడ్డాడు. ఎవరి మాట వినాలో ఆ జాకెట్టు చూస్తే తెలిసిపోతుందట. మేం ఉద్యోగాల్లో చేరిన కాలంలో జాకెట్లు లేవు, వయసుండేది. అక్కడున్నవాళ్ళలో ఎవరు పెద్దయితే వాళ్ళే కమాండరు (ఈ సంగతి మంటకి మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు). నేను బళ్ళో చదివింది ఎనిమిదో తరగతి వరకే. మిగతాదంతా తాడేపల్లిగూడెంలో ఫైర్‌మన్‌గా ఉన్నప్పుడు, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే. అందులో ఒక్క ముక్క నా బుర్రకి గట్టిగా పట్టింది: అంటుకున్నదాన్ని చూసి కంగారుపడకు, అంటుకోబోయేదాన్ని చూడు.

అది కాలవలకి నీళ్ళు కట్టేసిన ఎండాకాలం. ఆఫీసరు గారు సెలవులో ఉన్నారు. లీడింగ్ ఫైర్‌మన్‌గా కొత్తగా ప్రమోషనొచ్చిన నేనే ఇన్‌ఛార్జిని. పెళ్ళయి ఏడాది తిరగలేదు. మా అత్తవారి ఊళ్ళో ఎవరిదో గడ్డివాము అంటుకుందని ఫోనొస్తే గంట కొట్టుకుంటూ వెళ్ళి చూద్దును కదా, మా అత్తవారి వీధే. కాలుతున్నది మావగారి వాము. గాలి వాలున, పక్కనే, చిన్నమావగారి తాటాకిల్లు. అది అంటుకుంటే దాని వెనక వరసంతా పూరిళ్ళే. మావగారికీ ఆ తమ్ముడికీ పొలం గట్టు తగాదా వచ్చి ఏళ్ళ తరబడి మాటల్లేవు (మా పెళ్ళికి ఆయన పందిరి బయటే నిలబడి అక్షింతలు విసిరారు. గురి మంచిది). ఇంజను ట్యాంకులో ఉన్న నీళ్ళే నీళ్ళు. కాలవలో తోడుకుందామంటే అందులో గేదె పొర్లడానికైనా బురద లేదు. వాముకి పోస్తే ఇల్లు పోతుంది, ఇంటికి పోస్తే వాము పోతుంది. కాలే వాము పైన ఎన్ని నీళ్ళు కుమ్మరించినా లోపల రాజుకుంటూనే ఉంటుంది. కాబట్టి నా నిర్ణయం ఇంజను దిగకముందే అయిపోయింది.

దిగాక మొదలైంది అసలు కథ. "అల్లుడు గారొచ్చారు, కుర్చీ వెయ్యండర్రా" అన్నారు మా అత్తగారు. వెనక వాము భగభగమంటోంది. కుర్చీ వచ్చింది. వెంటనే సోడా వచ్చింది.

"అత్తగారూ, మంటండీ."

"ఉంటుందిలెండి. ఎండన పడి వచ్చారు, ముందు గొంతు తడుపుకోండి."

గొట్టం పట్టుకున్న మనిషికి మా స్టేషన్లో 'మొహమాటం' అని పేరు. పెద్దవాళ్ళు చెప్పింది కాదనడం ఆయన వంశంలో లేదు. "ఏవండీ, వాము మీద పొయ్యండి" అని ప్రెసిడెంటు గారంటే, "ఆయ్" అని వాము మీద. "మా పశువుల పాక కూడా కాస్త చూడండి" అని పాలకేంద్రం సెక్రటరీ అంటే, "అలాగేనండి" అని పాక మీద. పాస్టరు గారు మెల్లిగా దగ్గరికొచ్చి, "మీకు అభ్యంతరం లేకపోతే చర్చి మీద కూడా రెండు చుక్కలండీ" అన్నారు. చర్చి వీధి చివర, గాలికి ఎదురువైపున ఉంది. గొట్టం అటూ తిరిగింది. "చిన్నమావగారి కప్పు మీదే పొయ్యాలి" అని నేను గొంతు చించుకుంటే, నలుగురూ నా భుజాలు నొక్కి, "మీరు కూర్చోండి అల్లుడు గారూ, మేం లేవా?" అన్నారు. అవతల చిన్నమావగారు నిచ్చెనెక్కి, చూరు మీద పడుతున్న నిప్పురవ్వల్ని తడిగోనెతో బాదుతున్నారు.

ఈ ఘట్టానికి నా ఇంగ్లీషు పుస్తకాల్లో మందు లేదు. మన ఆచారంలో ఉంది. కుర్చీలో కూర్చున్నాను. సోడా కింద పెట్టాను.

"నేను అలిగాను" అన్నాను.

వీధి మొత్తం వాముని వదిలేసి నా కుర్చీ వైపు తిరిగింది. మావగారు పరుగున వచ్చారు.

"ఏం లోటు జరిగిందండీ?"

"ఆ గొట్టం నేను చెప్పిన ఇంటి మీదే ఉండాలి. ఇంకెవరి మాటా చెల్లకూడదు. లేకపోతే ఈ ఊళ్ళో పచ్చి మంచినీళ్ళు ముట్టను."

"ఉంగరం అడక్కూడదాండీ?" అన్నారాయన దీనంగా. "పోనీ, స్కూటరు సంగతి ఆలోచిద్దాం."

"ఇల్లేనండీ."

"అది మా తమ్ముడిదండీ."

"తెలుసండీ."

ఆయన కాలిపోతున్న తన వాముకేసి ఓసారి, తమ్ముడి కప్పుకేసి ఓసారి చూశారు. కొత్తల్లుడు అలిగి పస్తుతో వెళ్ళిపోయాడన్న మాట ఊరూరా పాకడం కూడా ఊహించుకుని ఉంటారు. మొహమాటం వైపు తిరిగి, "అల్లుడు గారు ఎలా చెబితే అలా కానివ్వండి" అన్నారు. ఆఖరి చుక్కదాకా తాటాకు మీదే పోశాం. ఆ ఇల్లు నిలబడింది, వెనక వరసా నిలబడింది. వాము తీరుబడిగా కాలి బూడిదైంది. అలక మీద నడిచిన ఫైరింజను ఈ దేశంలో అదొక్కటే అయ్యుంటుంది.

ఆ తరవాత మావగారు మర్యాదలో ఏ లోటూ చెయ్యలేదు. నా నిర్ణయం రైటా, తప్పా అన్న ఒక్క ముక్క మాత్రం చెప్పలేదు. కైకలూరు నుంచి కొర్రమీను పట్టుకెళ్ళి అడిగాను. ద్వారకా తిరుమల ప్రసాదం చేతిలో పెట్టి అడిగాను. "కాఫీ తీసుకోండి" అనేవారు. ఊరంతా నన్ను వాము తగలబెట్టిన అల్లుడంటుంటే, కాదని చెప్పగలిగిన ఒక్క మనిషీ కాఫీ పోస్తాడు. ఆ జాకెట్టు కుర్రాణ్ణి చూసొచ్చిన ఉడుకులో మర్నాడే ఉంగుటూరు బస్సెక్కాను. సీటు లేదు. రిటైరై, మనవలెత్తిన పెద్దమనిషిని, ఎప్పుడో బూడిదైన గడ్డి గురించి న్యాయం కోసం కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను. కిటికీ అద్దంలో నా మొహం చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. అయినా దిగలేదు. వెళ్ళాను. తొంభై దాటిన మావగారి ఎదురుగా కూర్చుని, కాఫీ వద్దని, అడిగాను. ఆయన అరుగు వైపు ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి ఇలా అన్నారు:

"రైటేనండీ, తప్పని ఎవరన్నారు? వాముదేవుందండీ, మళ్ళీ పంటకి ఇంకోటి వేసుకున్నాం. ఇల్లు నిలబెట్టారని ఆ మర్నాడు మా తమ్ముడు దణ్ణం పెట్టి పోదామని వచ్చాడండీ. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వస్తున్నాడు, మధ్యాన్నం దాకా కదలడు, నోరు మూయడు. అదిగో, ఇప్పుడూ అరుగు మీద వాడే. మాటల్లేకుండా ఎంత హాయిగా బతికేవాళ్ళమండీ. దీనికేదన్నా ఉపాయం మీ పుస్తకాల్లో రాశారేంటండీ?"