రెండు తొవ్వల సాక్ష్యం

మరణవార్తను స్వీకరించే ముందు అది ఏ దారిన వచ్చింది, ఎవరు తెచ్చారు, తెచ్చినవారికి అందులో ప్రయోజనమేమిటి అన్న అంశాలను విచారించడం కుటుంబ పెద్దల విధి. విచారణ ముగిసే వరకు ఏడుపును నిలిపి ఉంచవలెను. మా ఇంట యాభై ఏళ్లకు పైగా అమల్లో ఉన్న ఈ పద్ధతిని రూపొందించిన మా మేనత్త ఈ శ్రావణంలో భద్రాచలం దవాఖానాలో కన్నుమూసింది. ఆ సమయాన పక్కన నేనొక్కణ్నే ఉన్నాను. కనుక ఇది ఇప్పటికి ఏకసాక్షి వార్త మాత్రమేనని పాఠకులు గమనించగలరు.

పద్ధతి పుట్టింది పోరాట కాలంలో. అత్తకు పదహారేళ్లు, మామకు ఇరవై. పెళ్లయి ఏడాది తిరగకుండానే మామ దళంతో అడవిలోకి వెళ్లిపోయాడు. దళాన్ని పట్టుకోవడానికి ఊరి చివర తుపాకులవాళ్ల క్యాంపు వెలిసింది. ఊళ్లోకి దారులు రెండే: క్యాంపు ముందు నుంచి వచ్చే బండిబాట, వాగు దాటి వచ్చే అడవి తొవ్వ. ఒకనాడు బండిబాటన ఒక కొత్త మనిషి వచ్చి, బియ్యం చెరుగుతున్న అత్త ముందు తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"బిడ్డా, నీ పెనిమిటి అడవిల పోయిండు. ఆఖరి చూపు కావాల్నంటే జల్దీ పో."

అత్త చేట దించలేదట. "నువ్వు ఏ తొవ్వల వచ్చినవ్?"

"బండిబాటన."

"మనిషి సచ్చుడు అడవిల, కబురు వచ్చుడు క్యాంపు దిక్కుకెల్లా? అడవి తొవ్వల ఇంకొకరొచ్చి చెప్పనియ్. అప్పుడు ఏడుస్త."

నిజం కనుక్కోవడానికి ఆమె దళం దాగిన చోటికే పరుగెత్తుతుందని, వెనకాలే పోవచ్చని క్యాంపు వారి ఆలోచన. అత్త ఎక్కడికీ పోలేదు. తొమ్మిదో రోజున అడవి తొవ్వన మామే వచ్చాడు.

"నువ్వు సచ్చినవన్నరు" అంది అత్త.

"మరి?"

"ఒక్కడే చెప్పిండు."

ఆ తర్వాత ఆవిడ చాలాసేపు ఏడ్చిందని మామ అంటాడు. అత్త ఏనాడూ ఒప్పుకోలేదు. మొగుడి మాట సాక్ష్యానికి పనికిరాదన్న రెండో నిబంధనను అప్పటికప్పుడు చేర్చింది.

శాంతికాలంలో బండిబాట బస్సు దారి అయింది గానీ, పద్ధతిలో సడలింపు లేదు. ఎన్నికల్లో ఎవరు గెలిచారో టీవీ, పేపరు ఒకే మాట చెప్పినా నమ్మేది కాదు. "రెండూ కొత్తగూడెం బస్సు తొవ్వనే వచ్చినయ్" అనేది. సెల్‌ఫోన్లు వచ్చాక, ఫోన్లో చెప్పిన కబురు ఏ తొవ్వనా వచ్చినట్టు కాదని తేల్చేసింది. మామ మణుగూరు నుంచి ఆలస్యంగా వస్తే, బస్సు చెడిపోయిందని అడవి తొవ్వన వచ్చినవారెవరైనా చెప్పే దాకా కూర వడ్డించేది కాదు. అన్నం మాత్రం, న్యాయంగా, ముందే పెట్టేది.

నన్ను ఇంట్లో ఉంచుకుని చదివించింది అత్తే. పదో తరగతి తప్పానని ఇల్లందులో పేపరు చూసి వచ్చిన పక్కింటాయన చెప్పినప్పుడు నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. "ఒక్కడే చెప్పిండు గద. తినుడు ఆపకు" అని కంచం ముందుకు జరిపింది. సాయంత్రానికి వాగవతలి బడి నుంచి మాస్టారు నడిచి వచ్చి అదే మాట చెప్పారు. అప్పుడు ఏడ్చాను. కడుపు నిండి ఉండడం వల్ల ఆ ఏడుపును తట్టుకోగలిగాను. ఆవిడ అనుమానం ఎంత దయగలదో చెప్పడానికి నా దగ్గర ఇంతకంటే బలమైన ఆధారం లేదు.

అత్త పోయిన పొద్దున బస్సెక్కి వచ్చి మామకు చెప్పాను.

"ఏ తొవ్వల వచ్చినవ్ అల్లుడా?"

"బస్సు తొవ్వ, మామా."

"సరే. ఒకటాయె."

అత్తను తెచ్చిన వ్యానూ ఆ దారినే వచ్చింది. బంధువులందరూ ఆ దారినే వచ్చారు. పద్ధతి ప్రకారం వారంతా కలిసి ఒక్క సాక్షి. మామ తన చేతులతో చితికి నిప్పంటించి, స్నానం చేసి, మంచాన్ని అడవి తొవ్వకు ఎదురుగా వేయించుకున్నాడు.

"నువ్వే కొరివి పెడితివి గద మామా" అన్నాను.

"పెట్టిన. మొగుడి మాట పనికిరాదని మీ అత్తనే చెప్పె."

రోజూ రెండు కంచాలు పెట్టిస్తున్నాడు. తన కంచంలోది తింటున్నాడు. రెండో తొవ్వన కబురు వచ్చాక కూడా తింటాడన్న నమ్మకం మాకెవరికీ లేదు.

పదో రోజున వాగవతలి ఊరి నుంచి మామ చెల్లెలు అడవి తొవ్వన బయలుదేరిందని తెలిసింది. మోటారు సైకిలు మీద పోయి, ఆవిడ వాగు దాటి ఒడ్డెక్కుతుండగా ఆపి, బస్సు దారి మీదుగా తీసుకుపోతానన్నాను.

"ఏందిరా, ఇల్లు కండ్లకు కనవడ్తాంది. ఈ తొవ్వ ఇడిసి ఊరంత తిప్పుకపోతవా నన్ను?"

సంగతి చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని బండెక్కింది.

"ఏ తొవ్వల వచ్చినవ్ చెల్లే?" అని మామ అడిగాడు.

"బస్సు తొవ్వనే అన్నా."

ఆవిడ చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. అంచుకు అడవి గడ్డి అంటుకుని ఉంది. మామ ఆ గడ్డిని చాలాసేపు చూశాడు.

"అవ్" అన్నాడు చివరికి. "ఈ మద్దెన బస్సులల్ల శుభ్రం లేదు." కంచం దగ్గరికి లాక్కున్నాడు.

ఈ పరిస్థితుల్లో కుటుంబ సభ్యులందరూ సమావేశమై తీర్మానించినది: మా ఇంటికి వచ్చువారు ఎంత దగ్గరివారైనా, ఎంత చుట్టు తిరుగుడైనా, బస్సు దారినే రావలెను. అడవి తొవ్వన వచ్చుటకు మా అత్తకు మాత్రమే అనుమతి కలదు. ఇదే తుది నిర్ణయం.