రాలిన మామిడిపండ్ల పులుపు నూలుకు పనికొచ్చిన రోజు

వేలూరు పక్కన బాగాయంలో బడిపిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఈ ఎండాకాలం మామిడిపండ్లకని పరదరామి వెళ్ళినప్పుడు, రాజమ్మగారి తోటలో రాలి కుళ్ళుతున్న పండ్ల గుట్ట చూసి, "వీటిని పులియబెడితే అసెటిక్ యాసిడ్ వస్తుంది, నూలు అద్దకానికి పనికొస్తుంది" అన్నాను. ఆవిడ నిజంగానే డ్రమ్ము నింపేశారు. రసం ముందు సారాలా మారుతుందనీ, ఆ తర్వాత గాలి తగిలితేనే పులుపెక్కుతుందనీ చెప్పడం నేనే మరిచిపోయాను. పది రోజులకు ఫోనొచ్చింది. "టీచరమ్మా, నేను సారా కాస్తా ఉండానని ఊరంతా నవ్వుతా ఉండారు!" సిగ్గుపడి, మూత తీసేసి పల్చటి గుడ్డ కట్టమన్నాను. నెలన్నర తర్వాత ఫలితం చూడడానికి బయలుదేరాను.

పొద్దున ఆరింటికి వేలూరులో బస్సెక్కితే గంటకు గుడియాత్తం. అక్కడ ఇడ్లీ తిని పరదరామి బస్సు పట్టుకున్నాను. రెండు టికెట్లూ కలిపి డెబ్భై రూపాయలు దాటలేదు. తోటలో అడుగుపెట్టేసరికి ఘాటైన పుల్లటి వాసన. నీలి లిట్మస్ కాగితం ముంచాను, వెంటనే ఎర్రబడింది. రాజమ్మగారు మాత్రం ఇంకా నమ్మలేదు. "కాగితం ఎర్రబడితే సరా? అద్దకమాయన ఒప్పుకోవాల గదా!"

రసాన్ని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, క్యాన్‌తో ఇద్దరం గుడియాత్తం తిరిగొచ్చాం. అక్కడ నూలుకు రంగులద్దే మునస్వామిగారు క్యాన్ మూత తీసి వాసన చూశారు. "రంగు కొంజెం పసుపుగా ఉండాదే. నూలుకి మరక పడితే యాడ అమ్ముకునేది?" ఆ మాటకు రాజమ్మగారి ముఖం చిన్నబోయింది. కాసేపు ఆలోచించి, ఆయన ఒక్క ఎర్ర నూలు కట్టకే పరీక్ష పెట్టారు. రంగేశాక నూలులో మిగిలిన సోడా క్షారాన్ని విరిచేందుకు రోజూ బజారు యాసిడ్ కలిపే నీళ్ళలో, ఈసారి దానికి బదులు మా పులుపు పోసి నానబెట్టారు. ఇది పలచన కాబట్టి ఎక్కువే పట్టింది. ఆరిన నూలును తెల్లగుడ్డకేసి రుద్దారు. నూలు మీద పసుపు మరక లేదు, గుడ్డకు రంగూ అంటలేదు, తెల్లగానే ఉంది!

"నల్లా ఉండాదమ్మా, బాగా వచ్చింది. కొన్న యాసిడ్ మాదిరి కండ్లు మండలేదు గూడా. వచ్చే నెల రెండు క్యాన్లు తెచ్చియ్యి."

రాజమ్మగారు అక్కడే పక్కింటామెకు ఫోన్ చేశారు. "ఏమే, సారా కాదు, నూలుకు అద్దే చాయానికి పోసే పులుపు! గుడియాత్తంలో అడగతా ఉండారు!"

ఇన్నేళ్ళుగా సారా పులుపుగా మారే ఈ సమీకరణాన్ని బోర్డు మీద రాసి చెరిపేస్తున్నాను. అందులో ఓ మనిషి పరువు, ఇంకో మనిషి కళ్ళు ఉన్నాయని నాకు తోచనే లేదు. రేపు పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మీరూ వెళ్ళాలనుకుంటే, అద్దకం పని చూడడానికి మధ్యాహ్నం లోపే గుడియాత్తం చేరండి. ఎండ తగ్గాక నూలు ఆరదు, పని ఆపేస్తారు.