షేర్వాణీ కోసం చూసిన సీరియళ్లు

మా ముత్తాత నిజాం సర్కారు ఖజానాలో పేష్కారు. ఆయన సంతకం పడనిదే జాగీరు కాగితం ఏదీ బల్ల దాటేది కాదట. మా తాత తాలూక్‌దారు. ఆయన బగ్గీ శాలిబండ ఎత్తు ఎక్కి వస్తుంటే రెండు వైపులా దుకాణాల వాళ్లు లేచి నిలబడేవారు. మా నాన్న వకీలు. కచేరీలో ఉర్దూలో వాదించి, ఇంటికొచ్చి తెలుగులో తిట్టేవాడు. ఫీజు అడగడం నామోషీ అనుకున్నాడు కాబట్టి, ఆయన కాలం ముగిసేసరికి దేవిడీలో, అంటే మా పాత భవంతిలో, మాకు మిగిలింది కమాను దర్వాజా, రాతి వాకిలి, నాలుగు గదులు. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగాను.

పెద్దకొడుకు పెళ్లి రోజున ఇంటి యజమాని మా తాలూక్‌దారు తాత షేర్వాణీ తొడుక్కుని గుమ్మంలో నిలబడాలి. ఇది మా ఇంటి ఆనవాయితీ. వచ్చిన ప్రతి మనిషి మణికట్టు మీద అత్తరు రాసి, తల కొంచెం వంచి, “దయచేయండి” అనాలి. చివరి మనిషి లోపలికి వెళ్లేదాకా కూర్చోకూడదు. నా పెళ్లిలో మా నాన్న అలా మూడు గంటలు నిలబడ్డాడు. అప్పటికి ఆయన చేతిలో కేసులు లేవు, ఇంట్లో సగం గదులు లేవు. అయినా ఆ మూడు గంటలు ఆయన తాలూక్‌దారు కొడుకే.

మొన్న మా అబ్బాయి పెళ్లి కుదిరింది. నేను నిలబడాల్సిన వంతు వచ్చింది. షేర్వాణీ మాత్రం ఇంట్లో లేదు. పన్నెండేళ్ల కిందట ఒక టీవీ సీరియల్‌తో పాటు వెళ్లిపోయింది.

ఆ సీరియల్ వాళ్లు మా వాకిలి అద్దెకు తీసుకుని రెండేళ్లు షూటింగ్ చేశారు. కథలో అదొక పెద్ద వంశం ఇల్లు. ఆ వంశానికి పెద్దయ్యగా వేసే నటుడు మొదటి రోజు మెడ చుట్టూ బంగారు రంగు లేసున్న నైలాన్ షేర్వాణీ వేసుకుని మా కమాను కింద నిలబడ్డాడు.

“ఇది బ్యాండుమేళం వాళ్లు వేసుకునేది” అన్నాను.

డైరెక్టరు నవ్వాడు. “టీవీలో ఎవరికి తెలుస్తుంది సార్?”

నాకు తెలుస్తుంది. లోపలికి వెళ్లి పెట్టె తెరిచి తాత షేర్వాణీ తెచ్చి రెండు చేతులతో ఇచ్చాను. పట్టు, నూలు కలిపి నేసే ఔరంగాబాద్ హిమ్రూ బట్ట. నలుపు మీద సన్నటి పూల నేత. అది తొడుక్కోగానే ఆ నటుడి నడుము దానంతటదే నిటారయింది. గుమ్మంలో ఎలా నిలబడాలో, అత్తరు ఎలా రాయాలో కూడా నేనే చూపించాను.

రసీదు తీసుకోలేదు. మా ఇంట్లో ఇచ్చిన వస్తువు మళ్లీ అడగం. పుచ్చుకున్న మనిషే తలచుకుని తెచ్చివ్వాలి. అడగడమంటే ఎదుటివాణ్ని దొంగ అనడమేనని నాన్న అనేవాడు. వస్తువు తిరిగొచ్చిందా అని ఇంట్లోవాళ్లను కూడా అడగకూడదు. అడిగితే ఇచ్చినందుకు ఏడుస్తున్నట్టే లెక్క.

సీరియల్‌ను జనం చూడటం మానేశారేమో, ఒక వారంలోనే సగం వంశాన్ని బస్సు ప్రమాదంలో చంపేసి కథ ముగించారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లైట్లు, వ్యాను లేవు, మనుషులూ లేరు. వాకిట్లో టీ కప్పులు, గోడలకు మేకులు మిగిలాయి. షేర్వాణీ గురించి నా భార్య ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆమె చూడకుండా పెట్టె తెరిచి చూస్తే అందులో లేదు.

ఆనాటి నుంచి నాకు ఈ శిక్ష పడింది. ఆ సీరియల్ మనుషులు ఎక్కడ ఏ వేషంలో తేలుతున్నారో, వాళ్లలో ఎవరి ఒంటి మీద మా షేర్వాణీ ఉందో చూడటం. చూడటమంటే అంత తేలికా! ఈ మనుషులు ఒక చోట ఉండరు. మా వాకిట్లో కోడలికి విషం పెట్టిన అత్త ఏడు గంటలకు ఒక చానల్లో క్యాన్సర్‌తో చనిపోతుంది. ఏడున్నరకు ఇంకో చానల్లో మిరపకాయ బజ్జీలు వేస్తూ నవ్వుతుంది. ఆస్తి కోసం అన్న గొంతు నులిమిన తమ్ముడు మూడు నెలలు పోలీసు, ఆరు నెలలు సాధువు, ఆ తర్వాత ఎవరికో కవల సోదరుడు. మనిషన్నాక ఒక నిలకడ ఉండొద్దా? మా తాత ముప్పై ఏళ్లు ఒకే రకం టోపీ పెట్టుకున్నాడు.

నా భార్య వంటింట్లోంచి అనేది: “సీరియళ్లు చూసే ఆడోళ్లను తిడ్తరు. మీ అంత నిష్ఠగ ఈ గల్లీల ఎవ్వరు చూస్తున్నరు?”

నేను చానల్ మార్చేవాణ్ని.

సంగతి తెలిసింది ఒక్క దర్జీ భాయ్‌కే. మా కమానుకు ఎదురుగా ఆయన దుకాణం. ఆ షేర్వాణీ కుట్టింది ఆయన దాదా, అంటే తాత. అది పోయిందని నేను చెప్పలేదు. సీరియల్ అయిపోయిన ఏడాది ఏటా ఎండకు ఆరేసే షేర్వాణీ బయటికి రాకపోవడం చూసి ఆయనే పట్టేశాడు. అప్పటి నుంచి ఆయనా నాతో పాటు సీరియళ్లు చూస్తున్నాడు.

పెళ్లి కుదిరాక ఇద్దరం కూర్చుని ఆలోచించాం. అడగడం కుదరదు. వాళ్లకు గుర్తు రావాలంటే నేను వాళ్ల కంటపడాలి. ఎదురుగా నిలబడితే ఎవరికైనా సిగ్గు కలగదా?

“ఏంది సాబ్ ఇది” అన్నాడు భాయ్. “ఫోన్ చేసి అడిగితె రెండు నిమిషాల పని. గీ ఫికర్ అంత ఎందుకు?”

“అడగను.”

“అచ్ఛా. అయితె నడువుండ్రి, నిలబడదాం.”

పెద్దయ్య వేసిన నటుడు ఏ చానల్లోనూ కనబడటం లేదు కాబట్టి మొదట అత్త. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం తెరవడానికి వస్తోందని తెలిసింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో వెళ్లి, ఎండలో గంటన్నర నిలబడి, ముందు వరుస సంపాదించాను. ఆమె రిబ్బను కత్తిరించి తల ఎత్తింది. నన్ను చూసింది. గుర్తుపట్టింది!

“అయ్యో, బాబాయ్ గారూ! శాలిబండ బాబాయ్ గారు కదూ!” మైకు ఆమె చేతిలోనే ఉంది. “ఆ ఇంట్లో రెండేళ్లు ఉన్నామండీ. మహల్ లాంటి ఇల్లు. బాబాయ్ గారూ, మీ బాత్‌రూమ్ తలుపుకు గడియ పెట్టించారా? లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఒకరు బయట కాపలా ఉండాల్సొచ్చేది!”

జనం నవ్వారు. పేష్కారు ముత్తాత, తాలూక్‌దారు తాత, రాతి వాకిలి, కమాను అన్నీ పోయి, ఆమెకు మిగిలిన జ్ఞాపకం అదీ. తిరిగొస్తుంటే బస్సులో భాయ్ చాలాసేపు కిటికీలోంచి బయటికే చూశాడు. ఆయన భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తర్వాత తమ్ముడు. అతను ఇప్పుడు ప్లాట్ల ప్రకటనల్లో చేతులు చాచి ఖాళీ నేల చూపిస్తుంటాడు. వాళ్ల ఆఫీసు ముందు గదిలో నేను కూర్చున్నాను. అతను వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీలాంటి పెద్ద కుటుంబాలు రావాలి సార్. కార్నర్ బిట్టు మీకోసమే ఉంచుతాను” అన్నాడు. చాయ్ ఇచ్చారు. రంగు కాగితాలు ఇచ్చారు. నేను అతని ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను, ఏమన్నా తలపుకు వస్తుందేమోనని. తూర్పు ముఖమా, ఉత్తర ముఖమా అని అడిగాడు. ఒకప్పుడు రెండు ఊళ్ల శిస్తు అనుభవించిన కుటుంబానికి నూట యాభై గజాలు చూపించి, గేటు కూడా ఉంటుందన్నాడు.

“కాగితం మంచిగుంది సాబ్” అన్నాడు భాయ్ మెట్లు దిగుతూ. “పాటర్న్ కత్తిరించుకోనీకె పనికొస్తది.”

ఇక పెళ్లికి నెల ఉందనగా ఒక మధ్యాహ్నం భాయ్ ఫోను పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

“సాబ్, జర కూసోండ్రి. కూసోని చూడుండ్రి.”

మోకాళ్ల నొప్పుల తైలం ప్రకటన. మా సీరియల్ పెద్దయ్య తైలం సీసా చేత్తో పట్టుకుని మెట్లు ఎక్కుతున్నాడు. పైమెట్టు మీద నిలబడి, “నా వయసు చూడండి, ఈ మెట్లు చూడండి!” అంటున్నాడు. ఒంటి మీద నల్ల షేర్వాణీ.

“నల్ల షేర్వాణీలు లోకంలో చాలా ఉంటాయి” అన్నాను.

భాయ్ బొమ్మను ఆపి వేలు పెట్టి చూపించాడు. “ఎడమ భుజం చూడుండ్రి. మీ దాదాజీది ఆ భుజం దిగి ఉండె. మా దాదా అక్కడ రూయి, అదే దూది, ఎక్కువ పెట్టిండు. ఈ మనిషివి సీదా భుజాలు. అందుకే ఆ పక్క లేచి ఉంది. నా ఖాన్‌దాన్ చేతి పని నేను గుర్తుపట్టనా?”

మళ్లీ చూశాను. తాలూక్‌దారు భుజం మోకాళ్ల తైలం అమ్ముతోంది.

ప్రకటన కింద ఒక నంబరు, ఫంక్షన్లకు సంప్రదించమని. ఫోను చేసింది భాయే, నేను కాదు. మాట్లాడి పెట్టేసి, తల గోక్కున్నాడు.

“గురువారం పొద్దున ఫలక్‌నుమాల షాదీ ఉందంట. ఈయన గేటుకాడ పెద్దయ్య లెక్క నిలబడి మెహమాన్లను లోపలికి పిలుస్తడంట.”

“ఎవరింటి పెద్దయ్య?”

“ఎవరు పిలిస్తె వాళ్లింటి పెద్దయ్య, సాబ్.”

గురువారం పది గంటలకు ఆ ఫంక్షన్ హాలుకు వెళ్లాం. ప్లాస్టిక్ పూల కమాను కింద ఆయన నిలబడి ఉన్నాడు. అదే నడుము, అదే మెడ. వచ్చిన ప్రతి మనిషి మణికట్టు మీద అత్తరు రాసి, తల కొంచెం వంచి, “దయచేయండి” అంటున్నాడు. మా నాన్న నిలబడ్డట్టే నిలబడ్డాడు. అది ఆయనకు నేర్పింది నేనే కదా. వరుసలో నిలబడి నేనూ చెయ్యి చాచాను. అత్తరు రాశాడు, తల వంచాడు, అప్పుడు ముఖం చూశాడు.

“సార్! మీరా!” వంగి కాళ్లు ముట్టుకున్నాడు. అది కూడా కార్యక్రమంలో భాగమనుకుని ఇద్దరు ముగ్గురు ఫొటోలు తీశారు. “మీ దయ సార్. సీరియల్ అయ్యాక ఏడాది పాటు ఖాళీగా ఉన్నాను. మీరు నేర్పిన ఈ పనే నాకింత అన్నం పెడుతోంది.”

“బాగున్నారా?” అన్నాను. ఇంకేమీ అనలేదు. పన్నెండేళ్లు ఈ నిమిషం కోసమే ఎదురుచూశాను. మిగతాది ఆయన అనాలి.

ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. వెనక జనం పెరుగుతున్నారు. భాయ్ దగ్గి, “సాబ్ కొడుకు షాదీ వచ్చే నెల” అన్నాడు.

“అలాగా! అయితే నేనొస్తాను సార్. మీ గుమ్మంలో నేను నిలబడతాను. మీ దగ్గర పైసా ముట్టను.”

భాయ్‌కి ఓపిక చచ్చిపోయింది. “అరె, నిలబడాల్సింది సాబ్! షేర్వాణీ వాళ్లది. వాపస్ ఎప్పుడిస్తవ్?”

నేను భాయ్ మోచెయ్యి పట్టుకున్నాను గానీ మాట బయటికి వచ్చేసింది. మూడు తరాలుగా మా ఇంటివాళ్లు అడగని మాట.

నటుడి ముఖం వాడిపోయింది. “వాపసా? ఆఖరి రోజే తెచ్చానండీ, ఇస్త్రీ చేయించి మరీ. మీరు ఆఫీసులో ఉన్నారు. మేడమ్ గారు తీసుకుని కాసేపు చూశారు. ‘మీకు కావాలంటే కొనుక్కోండి’ అన్నారు. కొనుక్కున్నాను.” గొంతు తగ్గించాడు. “మీకు తెలీదా సార్?”

“తెలుసు” అన్నాను. “మా దర్జీకి తెలీదు.”

“ఒక్కరోజుకు కావాలంటే తీసుకెళ్లండి సార్. మళ్లీ ఇద్దురుగాని.”

“అక్కర్లేదు. ఇంట్లో ఇంకోటి ఉంది.”

ఇంకోటి లేదు. షేర్ ఆటోలో శాలిబండ దాకా వచ్చాం. దిగాక భాయ్ అన్నాడు: “తెలుసంటిరి గద సాబ్. మరి పన్నెండేండ్లు నన్ను ఎందుకు తిప్పిన్రు?”

ఇంట్లో నా భార్య శుభలేఖల మూలలకు పసుపు రాస్తోంది. చెప్పులు విప్పకుండానే అడిగాను.

“షేర్వాణీ అమ్మేశావా?”

ఆమె చెయ్యి ఆగింది. “ఇన్నేండ్లకు అడిగిన్రా!” పసుపు చేతిని చీర చెంగుకు తుడుచుకుంది. “అమ్మిన. ఆ నెల మీ చెల్లె కొడుకు బారసాల. చెల్లెకు పట్టుచీర, పిల్లగానికి వెండి గిన్నె పెట్టాలె, మన ఇంటి పేరు పోవద్దు అని చెప్పి ఆఫీసుకు పోయిన్రు. ఎక్కడికెల్లి తేవాల్నో అడిగిన్రా?”

“నాకెందుకు చెప్పలేదు?”

“తిరిగొచ్చిందా అని మీరు అడుగుతరు, అప్పుడు చెప్పుదామనుకున్న. మీరు అడుగకపోతిరి. మీ అమ్మ నాకు నేర్పింది గదే గద, ఈ ఇంట్ల అడుగుడు లేదని. పెండ్లి కుదిరిన కాన్నుంచి పానం కొట్టుకుంటుంది నాకు, ఆ పెట్టె ఎప్పుడు తెరుస్తరో అని.”

“నేను ఇన్నేళ్లు ఆ సీరియల్ వాళ్ల వెంట ఎందుకు పడ్డాననుకున్నావు?”

ఆమె నన్ను నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. “సీరియల్ పిచ్చి అనుకున్న. వయసు మీద పడ్డ మగోళ్లకు గిట్లనే ఏదో ఒకటి పట్టుకుంటది గద.”

నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. ఇస్త్రీ చేయించి తెచ్చిన నటుడి మీద తెచ్చుకోలేను. చెల్లెలికి చీర పెట్టమన్నది నేనే. నాన్న ఫొటోలో ఉన్నాడు, ఏమీ అనడు. చివరికి తైలం కంపెనీ మీద తెచ్చుకున్నాను.

పెళ్లి రోజున నేను నా ఆఫీసు వీడ్కోలుకు కుట్టించిన బూడిద రంగు సూటులో కమాను కింద రెండు గంటల నలభై నిమిషాలు నిలబడ్డాను. నేను వద్దన్నా వినకుండా భాయ్ రెండు రోజుల ముందే ఆ సూటు ఎడమ భుజం కింద కొంచెం రూయి పెట్టాడు. ఎందుకని నేను అడగలేదు. కూర్చోలేదు. వియ్యంకుల తరఫు పెద్దాయన ఒకాయన మణికట్టు చాచి, “ఆ టీవీ పెద్దయ్యను పిలిపించుకోలేకపోయిన్రా? మస్తు ఉంటడు” అన్నాడు. అత్తరు రాసి, “దయచేయండి” అన్నాను.

అత్తరు దుకాణం వాడిచ్చిన గాజు సీసాలోంచే రాశాను. తాత వెండి అత్తరుదాని, దస్తారు తలపాగా, బగ్గీ దీపాల జత కూడా షేర్వాణీ పోయిన తర్వాతి రెండేళ్లలోనే ఇలాంటి ఖర్చులకే నా భార్య అమ్మేసిందట.