పది లెక్కపెట్టే మా ఆయన

మా ఆయనది మనీలా. బడికెళ్లే పిల్లలున్న ఫిలిప్పీన్స్ కుటుంబాలకి ఆన్‌లైన్‌లో పెంపకం పాఠాలు చెప్పి, పనిచేస్తాయో లేదో చూస్తున్నారంటే, మేముంటున్న బర్మాలోని యాంగోన్ నుంచి మేమూ చేరాం.

ఈ సాయంత్రం టీచరమ్మ, "కోపమొస్తే ఏం చేస్తారు?" అని అడిగింది.

"నేను పది లెక్కపెడతాను. పిల్ల మీద అరిచేది మా ఆవిడే," అన్నాడీయన. పొద్దున ఎక్కాలు రాలేదని దాని పుస్తకం విసిరికొట్టిందెవరో మరి!

ఇంతలో ఎనిమిదైంది. సైన్యం గద్దెనెక్కిన దగ్గర్నుంచి ఆ వేళకి, దేశానికి పట్టిన దెయ్యం పోవాలని వీధంతా గిన్నెలు వాయిస్తోంది. నేనూ సత్తు గిన్నె తెచ్చి సరిగ్గా ఆయన చెవి పక్కనే మొదలెట్టాను. గరిట అందించింది మా పిల్లే.

"ఏటిది?" అని అరిచాడు, నేను నేర్పిన తెలుగులోనే.

"దేశం కోసం. నువ్వు పది లెక్కెట్టు."

గిన్నె నిండా సొట్టలే. వాటిలో దేశం కోసం పడ్డవెన్నో మీరే చెప్పండి.