మబ్బులో మూడో పిలుపు

ఆ కబురు నాకు ముందు మోసుకొచ్చినవాడు మా మరిది. విశాఖలో డ్యూటీ దిగి, చోడవరం బస్సెక్కి వచ్చి, చెప్పులైనా విప్పకుండా పెరటి గుమ్మంలో నిలబడి, "వదినా, నీలగిరి కొండలకి వెళ్తన్నాం. వీపుకి సంచులు తగిలించుకుని టీ తోటల్లోంచి నడకే నడక!" అన్నాడు. సుగర్ ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు మొదలైతే మా ఆయనకి సెలవు దొరకదు. అందుకని కార్తీకం వెళ్ళగానే ప్రయాణం.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. నాన్నగారు ఇంట్లోనే పలక మీద దిద్దించేరు. ఆ నాలుగు అక్షరాల పుణ్యాన ఇప్పుడిది రాయగలుగుతున్నాను.

మా అత్తగారి చెల్లెల్ని నేను చిన్నత్త అనేదాన్ని. మా ఆయనకీ మరిదికీ పిన్ని. వడ్డాదిలో భర్త పోయేక మా దగ్గిరే ఉండేది. "నన్నూ తీసుకెళ్ళండ్రా. మబ్బు లోపల ఏటుంటాదో సూడాల" అంది.

చిన్నత్తకి ఒక పట్టింపు ఉండేది. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ పలకదు. మనిషి కానిది మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట, మూడోసారి పిలవడం మాత్రం దానికి చేతకాదట. పాలవాడు కూడా మా గుమ్మంలో మూడుసార్లు అరిచేవాడు.

"పిన్ని దగ్గిర దెయ్యాలకైనా క్యూ తప్పదు" అని మరిది ఏడిపించేవాడు.

"నవ్వరా, నవ్వు. నీ గొంతుతో పిలిచిన్నాడు తెలస్తాది."

బయల్దేరుతుంటే వీధిలో ఎవరో తుమ్మేరు. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి లేచేం.

మొదటి రెండు రోజులూ స్వామి దయవల్ల బాగానే గడిచేయి. మొలలోతు టీ పొదలు, ఎక్కడ చూసినా పచ్చదనం, ముక్కుల్లోకి దిగే చలి. చీరల కింద కేన్వాసు బూట్లు చూసుకుని, "ఒసే కోడలా, మనం పోలీసులమా ఏటే!" అని చిన్నత్త పడిపడి నవ్వింది. జలగల కోసం కొంగున ఉప్పు మూట కట్టుకుంది.

మూడోరోజు కొండమీద ఒక్క పిట్టా కూయలేదు. ఆకు కోసే ఆడవాళ్ళు మధ్యాహ్నమే బుట్టలెత్తుకుని దిగిపోతున్నారు. ఒకామె మా ఎదురుగా ఆగి, మేం వెళ్ళే దారికేసి చూపించి ఏదో చెప్పింది. ఆ అరవం మాకు అర్థం కాలేదు. చెయ్యి మాత్రం వద్దని ఊపింది. తోట దాటితే బస్సు రోడ్డేనని మరిది ముందుకి నడిపించేడు.

మబ్బు లోయలోంచి పైకి పాకింది. బెల్లం పెనం మీద ఆవిరి నాకు కొత్త కాదు. ఇది వేడి లేని ఆవిరి. ముందు బూట్లు కనబడ్డం మానేసేయి, తరవాత చేతులు. ఒకరి సంచి ఒకరం పట్టుకుని నడిచేం. అందరికన్నా వెనక చిన్నత్త. కాసేపటికి నా సంచి తేలికయినట్టనిపించి చెయ్యి వెనక్కి చాపేను. ఆవిడ లేదు.

మా ఆయన ఒక పక్కకీ, మరిది ఇంకో పక్కకీ వెళ్ళేరు. "పిన్నీ!" అని ఒక కేక. నాలుగడుగులు. ఇంకోచోటి నుంచి ఇంకో కేక. నేను నోరు విప్పకుండా లోపల్లోపల దణ్ణాలు పెట్టుకుంటున్నాను. ఎక్కడో ఒక రాయి దొర్లింది. అది కిందకి పోతున్న చప్పుడు వినబడింది గానీ ఆగిన చప్పుడు వినబడలేదు.

వెలుతురు తగ్గుతోంది. మరిది నా పక్కకొచ్చి కూలబడ్డాడు. "పడిపోయింది వదినా. పిన్ని పడిపోయింది."

పడలేదేమో, వింటోందేమో! ఆ ఆలోచన నాకు తట్టించినవాడు మా చోడవరం విఘ్నేశ్వరుడే.

"మీరిద్దరూ ఇంక పిలవకండి" అన్నాను. ఒక్కచోట నిలబడి "అత్తా" అన్నాను. ఆగేను. "అత్తా." మబ్బు కదల్లేదు. ఇంక మిగిలింది మూడోది ఒక్కటే. దానికీ పలక్కపోతే ఇంక పిలవడానికేమీ మిగలదు.

"అత్తా!"

"ఇక్కడున్నానే" అంది.

రెండు వరసల అవతలే, పొద కింద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెదాలు నల్లబడిపోయేయి. జలగని లాగడానికి వంగి, నా సంచి వదిలేసిందట.

"మేం గొంతులు చించుకుంటుంటే పలకవేం పిన్నీ!" మరిది ఏడుస్తూనే తిట్టేడు.

"అటొకడు, ఇటొకడు. ఎవడైనా నిలబడి మూడుసార్లు పిలిచేడా?" అంది. తరవాత నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఇందాక కిందనుంచి రెండుసార్లు పిలిచేవేటే? నీ గొంతే. లేవబోయేను" అంది.

నేను కిందకి వెళ్ళలేదు. మబ్బు కాస్త పలచబడ్డాక చూస్తే, ఆవిడ కాళ్ళ ముందు బారెడు దూరంలో నేల లేదు.

ఆ పూట కూలీల ఇళ్ళవాళ్ళు మాకు కంబళ్ళిచ్చేరు, వేడి టీ పోసేరు. ముక్కూ మొహం తెలీని ఆ తల్లులకి ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయితే ఆ చలి చిన్నత్త గుండెల్లోంచి మరి దిగలేదు. ఫ్యాక్టరీలో క్రషింగు ఆగకముందే వెళ్ళిపోయింది. ఆవిడ పోయిన సాయంత్రం మేమంతా మంచం చుట్టూ కూర్చున్నాం. ఎవరం ఆవిడని పిలవలేదు. ఉన్నట్టుండి కళ్ళు తెరిచి, గుమ్మం కేసి చూసి, "ఆఁ, వస్తన్నా" అంది.

ఎన్నో పిలుపుకి పలికిందో మాకు తెలీదు.

ఇది చదివినవాళ్ళు మా చిన్నత్తని తలుచుకోండి. ఒక్కసారితో ఊరుకోకండి. ఒక్కసారికి ఆవిడ పలకదు.